చీర గార్డు ఉన్న బండి

పోయిన నెలలో ఒక ఉదయం మా మరిదిగారి కోడలు పెళ్ళిపిలుపుకి వచ్చింది. రాజమండ్రిలో మా ఫ్లాట్ మూడో అంతస్తు. లిఫ్టు దిగి తలుపు దగ్గర చెప్పులు విడిచి, "పెద్దత్తయ్యగారూ, బాగున్నారా?" అంటూ లోపలికి వచ్చింది. చేతిలో శుభలేఖల సంచి, పళ్ళెంలో అక్షింతలు, వెండి భరిణె. కింద సందులో వాళ్ళాయన మోటారు సైకిలు ఆపకుండా ఉంచాడు, ఇంకా నాలుగిళ్ళు తిరగాలి కాబోలు. ఆ అమ్మాయి అలవాటు కొద్దీ నా ఎదురుగా వచ్చి భరిణె మూత తీసింది. తీశాక నా ముఖం చూసింది. మావారు పోయి ఏడాది కూడా కాలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. ఆమె ఉంగరపు వేలు కుంకుమలో ఆగిపోయింది. ఆ కాసేపు గదిలో వినపడింది కింద బండి చప్పుడు ఒక్కటే. ఆ చప్పుడు నన్ను ఎక్కడికి తీసుకుపోయిందో చెప్పాలంటే మా చెల్లెలి పెళ్ళి దాకా వెనక్కి వెళ్ళాలి.

బ్యాంకులో లెక్కలు చూసి రిటైరైన దాన్ని కాబట్టి తేదీలన్నీ నా దగ్గర ఉన్నాయి. ఈ కథకి వాటితో పనిలేదు. తొంభైల నడిమి సంవత్సరాలు, మాఘమాసపు ముహూర్తం, మా పుట్టిల్లు తణుకు అని చెబితే చాలు. చలికాలంలో తణుకంటే గానుగ సీజను. తెల్లవారకముందే ఫ్యాక్టరీ నుంచి ఉడికే చెరుకురసం వాసన, దాని వెనకే పులిసిన మడ్డి వాసన వచ్చి దుప్పట్లలో దూరేవి. మా అమ్మ కుంకుమ బజారులో కొనేది కాదు. పసుపుకొమ్ములు నిమ్మరసంలో నానబెట్టి, నీడలో ఆరబెట్టి, దంచి, గుడ్డలో జల్లించేది. ఆ పని చేస్తున్నంతసేపూ మాట్లాడేది కాదు. దంచిన కుంకుమ తను పెట్టుకునేది కాదు, మా నాన్న పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. ఎవరైనా బొట్టు పెట్టి పిలవడానికి వస్తే అమ్మ వంటింటి తలుపు వెనక్కి వెళ్ళి నిలబడేది. వచ్చిన వాళ్ళు ఇబ్బంది పడకూడదని అలా వెళుతున్నానని చెప్పేది. చిన్నప్పుడు మాకది తలుపుకి సంబంధించిన విషయమేమో అనిపించేది.

పిలుపులకి అమ్మ వెళ్ళకూడదు కాబట్టి పెద్ద కూతుర్ని నేను వెళ్ళాలి. కుంకుమ భరిణె నా చేతికి ఇస్తూ అమ్మ నియమాలు చెప్పింది. "చూడమ్మడూ, ఒక ఇంట్లో ఎంతమంది ముత్తయిదువలుంటే అంతమందికీ బొట్టు పెట్టు. అరుగు మీద నలుగురుండి ముగ్గురికి పెట్టి వచ్చావనుకో, ఆ నాలుగో మనిషికి మొగుడు లేడని ఊరంతటికీ చెప్పినట్టు. పెట్టకూడని వాళ్ళకి చేతులు జోడించి నోటితో పిలువు. ఇంకోటి, భరిణె పట్టుకుని ఎవరి అరుగు ఎక్కినా సరే, చుట్టాలు కాకపోయినా సరే, పిలవకుండా దిగకు." నేను నవ్వి, "పొరపాటున ఎక్కితేనో?" అన్నాను. "పొరపాటున ఎవరూ ఎవరి అరుగూ ఎక్కరు" అంది అమ్మ.

మా చుట్టాలంతా కాలవగట్ల మీద, ఏటిగట్టు వారన, బస్సు వెళ్ళని ఊళ్ళలో ఉన్నారు. కారు ఆ దారుల్లో తిరగదు. మావారి స్కూటరు చిన్నచక్రాలు ఇసకలో నిలవవు. నాలుగైదు రోజులు తిరగాలి కాబట్టి మోటారు సైకిలు అద్దెకి తీసుకుందామన్నారు. ఫ్యాక్టరీ వెనక సందులో సత్తిరాజు అనే మెకానిక్ బళ్ళు బాగుచేస్తూ, నాలుగింటిని అద్దెకి కూడా ఇచ్చేవాడు. చేతులెప్పుడూ నల్లగా ఉండేవి గానీ నుదుటి మీద విభూతి మాత్రం చెరిగేది కాదు. నేనూ వెళ్ళాను. కూర్చునేది నేను కదా, చూసుకోకుండా ఎలా?

మొదటిది డుబుడుబుమనే పెద్ద బండి. మావారికి దాని మీద కన్ను పడింది. వెనక సీటు నా నడుమంత ఎత్తుంది. "నిచ్చెన కూడా అద్దెకిస్తారా అండీ?" అన్నాను. రెండోది జపాను బండి, తేలిగ్గా ఉంది, కానీ బ్రేకు నొక్కితే కీచుమంటోంది. మూడోదానికి సీటు చిరిగి స్పాంజి బయటికొచ్చింది. నాలుగోది గోడవార గోనెపట్టా కప్పి ఉంది. నేనే పట్టా తీశాను. ముదురాకుపచ్చ బండి, దుమ్ము లేదు. ఎడమవైపు వెనక చక్రానికి చీర గార్డు, గట్టి ఇనపచువ్వలతో అల్లింది, షాపులో బిగించేలాంటిది కాదు. దాని కింద కాళ్ళు పెట్టుకునే పలక వెడల్పుగా, ఎడమ పాదం ఆనేచోట ఒక అంగుళం ఎత్తుగా ఉంది. పక్కకి తిరిగి కూర్చుని కాళ్ళు పెట్టాను. నాకోసం కొలత తీసుకుని చేసినట్టు కుదిరింది.

"ఇది తీసుకుందామండీ."

మావారు ఒక్క కిక్కు కొట్టారు. స్టార్టయింది. మెత్తటి చప్పుడు, మధ్యమధ్య గొంతు సవరించుకున్నట్టు చిన్న దగ్గు.

సత్తిరాజు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "అది లోకల్‌గా తిప్పుకునే వాళ్ళకిస్తానండి. జపాను బండికి బ్రేకు ఇప్పుడే సరిచేసేస్తాను."

"ఆవిడ తేల్చేసిందయ్యా. ఇంక నీ మాట, నా మాట ఉండవు" అన్నారు మావారు.

"ఆయ్, చిత్తమండి." నావైపు తిరిగాడు. "ఒక్క మాటండమ్మా. ఎటైనా వెళ్ళండి. లాకులు దాటాక ఏటిగట్టు మాత్రం ఎక్కకండి. కింద రోడ్డునే వెళ్ళండి."

"ఎందుకు?"

"బండికి పడదండి."

మనిషికి వంకాయ పడదన్నట్టు చెప్పాడు. మావారు దారి పొడుగునా ఆ మాట చెప్పి నవ్వారు.

మొదటి రెండు రోజులూ పాలకొల్లు వైపు తిరిగాం. దాళ్వా నాట్లు పడుతున్న రోజులు. కాలవలు నిండుగా ఉన్నాయి, చేలన్నీ నీళ్ళూ బురదా. వెళ్ళిన ప్రతి ఇంట్లో మజ్జిగో కాఫీయో తాగక తప్పదు. బండి మీద నాకే లోపమూ కనపడలేదు. మావారు మాత్రం ఒకసారి, "బరువుగా లాగుతోందేంటి, ముగ్గురం కూర్చున్నట్టు" అన్నారు. "నేను ఒక్కదాన్నే. మీ అత్తగారు పెట్టిన సున్నుండలు మీ పొట్టలో ఉన్నాయి" అన్నాను. ఆయన నవ్వారు గానీ, ఆ సాయంత్రం రెండు చక్రాల్లోనూ గాలి చూసుకున్నారు.

మూడో రోజు పొద్దున్నే లాకుల దగ్గరికి చేరాం. పొగమంచు. లాకుల తలుపుల మీంచి దూకే నీళ్ళ హోరు వినపడుతోంది గానీ నీళ్ళు కనపడటం లేదు. కింద రోడ్డుకి అడ్డంగా తూము కోసం గొయ్యి తవ్వి ముళ్ళకంప వేశారు. మా పిన్ని ఊరికి ఇక ఏటిగట్టే దారి. మావారు బండి ఆపి, "వద్దన్నాడు కదా" అన్నారు. వెనక్కి తిరిగితే బోలెడు చుట్టు. "బండికి గట్టు పడకపోవడమేంటండీ, పోనివ్వండి" అన్నది నేనే.

గట్టు ఎక్కాక ఎడమవైపు గోదావరి ఉండాలి. అక్కడ తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. కుడివైపు కొబ్బరితోటల మొదళ్ళు మాత్రం కనపడేవి, తలలు లేవు. కాస్త దూరం వెళ్ళాక రెండు కుక్కలు వచ్చి బండి పక్కన పరుగెత్తడం మొదలుపెట్టాయి. గట్టు మీద కుక్కలు బండిని తరమడం కొత్తేం కాదు. ఇవి మొరగలేదు. తోక ఊపుకుంటూ, ఎక్కడికి వెళుతున్నామో తెలిసినట్టు కొంచెం ముందు పరుగెత్తాయి. ఒక టీ పాక దగ్గర ఆగాం. పాకాయన మాకు వీపు పెట్టి పొయ్యి ఊదుతున్నాడు. తిరక్కుండానే, "వస్తన్నానండీ, పంచదార లేకుండా" అంటూ గ్లాసు బల్ల మీద పెట్టి, అప్పుడు తలెత్తి మావారిని చూశాడు. గ్లాసు మీంచి చెయ్యి తియ్యలేదు. "బండి ఎక్కడిదండి?" అన్నాడు. తణుకులో అద్దెకి తీసుకున్నామని చెప్పాం. మావారు పంచదార అడిగితే ఇచ్చాడు గానీ, ముందు పోసిన ఆ గ్లాసు మాత్రం మాకు ఇవ్వకుండా పక్కన పెట్టుకున్నాడు.

ఇంకొంత దూరంలో మంచులో ఒక ఆడమనిషి కనపడింది. గట్టు వారన చంకలో పిల్లాడితో నిలబడి ఉంది. బండి చప్పుడు విని పాకలోంచి పరుగెత్తుకొచ్చినట్టుంది, రొప్పుతోంది. పిల్లాడి చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, వాడి జబ్బ మావైపు చాపి పట్టుకుంది. వాడు సూదికి ముందు పిల్లలు ఏడ్చే ఏడుపు ఏడుస్తున్నాడు. మేము దగ్గరికొచ్చి ఆగేసరికి ఆమె మా ఇద్దరినీ మార్చిమార్చి చూసి, చొక్కా చెయ్యి కిందికి లాగేసి గట్టు దిగిపోయింది.

"ఈ బండి ఎవరిదో డాక్టరుది" అన్నారు మావారు. గొంతులో నవ్వు లేదు. "వెనక్కి వెళ్ళిపోదామా?" అన్నారు. వెళ్ళిపోదామనే అనుకున్నాను. ఈలోపు బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పెట్రోలు రిజర్వుకి వచ్చి ఉంటుందని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. ఆగింది మాత్రం ఒక పెంకుటిల్లు గేటు ముందు. గేటు తీసి ఉంది. కుక్కలు లోపలికి వెళ్ళి అరుగు కింద పడుకున్నాయి.

గేటు లోపల ఒకావిడ ఇత్తడి చెంబుతో నీళ్ళు, భుజాన తువ్వాలుతో నిలబడి ఉంది. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద. తలస్నానం చేసిన జుట్టు, నలగని చీర, నుదుట పెద్ద బొట్టు. మంచులో మావారి ఆకారం వైపు చెంబు చాపి, "ఇంత పొద్దెక్కిందేంటండీ" అంది. కోపం లేదు ఆ గొంతులో, రోజూ అనే మాటలాగే ఉంది. మావారు చెంబు అందుకుని కాళ్ళు కడుక్కున్నారు. ఎందుకలా చేశారని తర్వాత ఎన్నోసార్లు అడిగాను. "కడుక్కోకపోతే బాగుండదనిపించింది" అనేవారు. తువ్వాలు ఇవ్వబోతూ ఆవిడ ఆయన ముఖం చూసింది. అరవలేదు. చూపు దించి, బండి చుట్టూ తిరిగి, చీర గార్డు పక్కన కూర్చుంది. ఎత్తుగా ఉన్న పలక మీద అరచెయ్యి వేసింది.

"చిన్నప్పుడు నా ఎడమకాలు విరిగిందండి, కొంచెం పొట్టి. అందుకని ఇక్కడ ఎత్తు పెట్టించారు" అంది నాతో. అప్పుడే నా చేతిలో భరిణె చూసింది. "పిలుపులకి వచ్చారా? రండి, లోపలికి రండి" అంటూ చెయ్యి పట్టుకుని అరుగు ఎక్కించింది.

అరుగు మీద ఆవిడ మరిది, ఎదురుగా చాప మీద పంచాంగం విప్పుకుని పురోహితుడుగారు కూర్చుని ఉన్నారు. మరిది బండిని చూసి లేచి నిలబడ్డాడు. పాపం, మంచివాడే. వదిన లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చేలోపు గొంతు తగ్గించి అంతా చెప్పాడు. వాళ్ళన్నయ్య ఆర్.ఎం.పి. డాక్టరు. గట్టు పొడుగునా అన్ని ఊళ్ళకీ ఆయనే. మూడేళ్ళ కిందట వరదరోజుల్లో లంకలో ఎవరికో పురుడు కష్టమైందంటే బండి రేవులో స్టాండు వేసి, తాళం వేసి, పడవెక్కాడు. పడవ లంకకి చేరలేదు. మనిషీ దొరకలేదు. ఆ బండి ఇక్కడుంటే వదిన రోజూ తుడుస్తూ కూర్చుంటోందని, ఈ గట్టు ఎక్కించకూడదని ఒట్టు వేయించుకుని తనే సత్తిరాజుకి అమ్మేశాడు.

"మూడేళ్ళనుంచి మా అన్నయ్య అన్నం లేకుండా తిరుగుతున్నాడండమ్మా" అన్నాడు. కళ్ళలో నీళ్ళు. "కర్మ చెయ్యలేదు కదండీ. మా ఆవిడ పొయ్యి మీద అన్నం దించినప్పుడల్లా కిటికీ దగ్గర ఎవరో నిలబడ్డట్టు ఉంటుందంటుంది. దర్భలతో మనిషిని చేసి దహనం చెయ్యొచ్చునంట. వచ్చే అమావాస్యకి చేద్దామంటే వదిన ఒప్పుకోవడం లేదు. చేస్తే ఆవిడ బొట్టు తియ్యాలి కదండీ."

పురోహితుడుగారు పంచాంగం మీంచి తలెత్తలేదు.

మజ్జిగ తాగాం. అమ్మ చెప్పిన నియమం గుర్తొచ్చింది, అరుగు ఎక్కాక పిలవకుండా దిగకూడదు. ఆవిడ తోడికోడలు గడప దగ్గర నిలబడి ఉంది. ఆమెకి బొట్టు పెట్టి, చేతిలో అక్షింతలు వేసి, ముహూర్తం చెప్పి పిలిచాను. తిరిగేసరికి ఆవిడ నా ఎదుట నిలబడి ఉంది. ముఖం కొంచెం పైకెత్తి, కళ్ళు మూసుకుని.

వెనకనుంచి తోడికోడలు మెల్లగా, "అక్కకి వద్దులెండి" అంది.

అరుగు మీద అందరూ నా చెయ్యినే చూస్తున్నారు. పెట్టకపోతే ఆయన పోయాడని తేల్చినట్టు. పెడితే ఆ మరిది తన అన్నకి పట్టెడన్నం పెట్టుకునే దారి మూసినట్టు. అతని ఏడుపు నిజమైనదే, ఆ కిటికీ దగ్గరి భయమూ నిజమైనదే. నాకు ఆ ఇంటితో ఏ సంబంధమూ లేదు. కానీ లెక్కల పనిలో నాకు అబ్బినది ఒకటుంది. కాగితం చూడకుండా ఎవరి పేరూ కొట్టెయ్యలేను. ఆయన పోవడం వాళ్ళు చూడలేదు, నేనూ చూడలేదు. నేను చూసింది కాళ్ళకి నీళ్ళు పట్టుకుని నిలబడిన మనిషిని. వేలు కుంకుమలో ముంచి ఆవిడ నుదుట పెట్టాను. ఆ నుదురు ఎంత చల్లగా ఉందో ఈరోజుకీ నా వేలికి గుర్తుంది.

"ఏం చేశారమ్మా మీరు" అన్నాడు మరిది. గట్టిగా అనలేదు. పురోహితుడుగారు పంచాంగం మూసి గుడ్డలో చుట్టుకున్నారు.

ఆవిడ గేటు దాకా వచ్చింది. "ఆయన పంపించారా మిమ్మల్ని?"

"లేదమ్మా, తణుకులో అద్దెకి తీసుకున్నాం."

"ఎన్ని బళ్ళున్నాయండి అక్కడ?"

"నాలుగు."

"మరి ఇదే ఎందుకు తీసుకున్నారు?"

చీర గార్డు కోసం అని చెప్పాలి. అది నిజం. కానీ ఆ మాట ఆవిడకి జవాబులా వినపడుతుందని నోరు కట్టేసుకున్నాను. ఆవిడ నా భరిణెలోంచి చిటికెడు కుంకుమ తీసుకుని బండి హెడ్‌లైటు మీద బొట్టు పెట్టింది. మావారు కిక్కు కొడితే ఒక్కసారికే స్టార్టయింది.

పిన్ని ఊరు చేరేదాకా కుక్కలు రాలేదు. బండి చప్పుడు విని ఎవరూ బయటికీ రాలేదు. దిగాక మావారు ముందుచక్రం వైపు చూస్తూ, "తేలికైపోయింది బండి" అన్నారు. ఆయన కథలల్లే మనిషి కాదు. ఇంక ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తనివ్వలేదు.

బండి తిరిగి ఇచ్చినప్పుడు సత్తిరాజు హెడ్‌లైటు మీద కుంకుమ చూశాడు. చేతిలో తుడిచే గుడ్డ ఉంది, తుడవలేదు. "ఎక్కారన్నమాట" అన్నాడు. తర్వాత గోనెపట్టా తెచ్చి కప్పేశాడు. పెళ్ళి పనుల్లో పడిపోయాం. అమ్మకి మాత్రం జరిగింది చెప్పాను. అమ్మ కుంకుమ జల్లించిన గుడ్డ దులుపుతూ విని, "నువ్వు పెడుతుంటే కళ్ళు మూసుకుందా?" అని అడిగింది. మూసుకుందన్నాను. అమ్మ తలుపు వెనక్కి వెళ్ళింది. ఆ రోజు ఇంటికి ఎవరూ రాలేదు, అయినా వెళ్ళి కాసేపు నిలబడింది.

అమావాస్యకి కర్మ జరగలేదని, ఆ తర్వాతా జరగలేదని మా పిన్ని ద్వారా తెలిసింది. కొన్నేళ్ళకి ఒక పనిమీద ఆ గట్టున కార్లో వెళ్ళాను. గట్టు మీద సిమెంటు రోడ్డు వేశారు. ఆ ఇంటి అరుగు పక్కన ఆకుపచ్చ బండి స్టాండు వేసి, ఏటివైపు ముఖం పెట్టి ఉంది. ఆవిడే తణుకు వెళ్ళి తెచ్చుకుందట. హెడ్‌లైటు మీద బొట్టు ఎర్రగా ఉంది, అంటే రోజూ పెడుతున్నట్టు. ఆవిడ గేటులో ఉంది. నేను కారు ఆపించలేదు. కారు చప్పుడుకి ఆవిడ తల తిప్పలేదు.

ఇప్పుడు రోజులు వేరు. ఎవరెక్కడున్నారో ఫోనులో చుక్కలా కదులుతూ కనపడుతుంది. బండి చప్పుడు విని గేటు దాకా వెళ్ళే పని ఎవరికీ లేదు. మావారు ఆసుపత్రిలో పోయారు, నా ఎదుటే. డాక్టరు గడియారం చూసి టైము చెప్పారు, నేను సంతకం పెట్టాను, మున్సిపాలిటీ కాగితం అల్మరాలో ఉంది. ఆవిడకి లేని కాగితం నాకుంది. నా లెక్కలో ఏ అనుమానమూ లేదు.

మా మరిదిగారి కోడలు వేలు కుంకుమలో అలాగే ఉంది. నోటితో పిలువమ్మా, చాలు అని చెప్పాలని నాకు తెలుసు. మా అమ్మలాగా నేనే తలుపు వెనక్కి వెళ్ళి ఉండాల్సింది. అప్పుడే కింద సందులో బండి చిన్నగా దగ్గి ఆగిపోయింది. ఆ అమ్మాయి ఒక్క అడుగు వెనక్కి వేసి, కంగారుగా, "పెద్దత్తయ్యగారూ..." అంది. అప్పుడు తెలిసింది నాకు, నా కళ్ళు మూసుకుని ఉన్నాయని, నా ముఖం కొంచెం పైకెత్తి ఉందని.